బొట్టు కింద లైటు

బీర్‌గావ్, రాయపూర్
12 జూన్ 2013

అన్నయ్యా,

కళ్లజోడు తుడుచుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. మేము కొత్త పికప్ బండి కొన్నాం.

అరిచావు కదా? రమణమ్మ వదిన వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి ఉంటుంది. ఎవరూ పోలేదు, ఆడపడుచు బండి కొనుక్కుందంతే అని ఆవిడకు చెప్పు. ఈ సంగతి ఫోన్‌లోనే చెప్పి ఉందును. కానీ నేనిక్కడ ఒక మాట అనడం, దాన్ని వదిన నీ చెవిలో అరవడం, మీ నరసన్నపేట వీధంతా మా ఇంటి సంగతులు వినడం ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. నీకు చెవుడు వచ్చాక నాకు ఈ రాత అలవాటు మళ్లీ వచ్చింది. అదొక్కటే లాభం.

నీలవేణికి ఏ రోగమూ లేదు, ముందే చెబుతున్నాను. ఇప్పటికీ పొద్దున్నే తాళం తిప్పితే ఒక్క దగ్గు దగ్గి లేస్తుంది. ఎడమ తలుపుకు తాడు కట్టాలి, వాన వస్తే డ్రైవరు మోకాళ్ల మీద గోనె కప్పుకోవాలి, అంతే. కానీ ఆరంగ్ మిల్లువాళ్లు పాత బండికి బియ్యం లోడు ఇచ్చేది లేదని ఖచ్చితంగా చెప్పేశారు. వంశీకి నడుం నొప్పి కూడా. నా కొడుకు ఇరవై ఆరేళ్లకే ముసలాడిలా వంగి నడుస్తుంటే నీలవేణి మీద ప్రేమ చూపించుకుంటూ కూర్చోలేను కదా.

కొత్తది తెల్లగా ఉంది. లోపల కూర్చుంటే దీపావళి అంగడిలా ఉంటుంది, అన్ని లైట్లు. బెల్టు పెట్టుకోకపోతే కుయ్యో మొర్రో అంటుంది. కోడలు సాయిలక్ష్మి హారతిచ్చి నిమ్మకాయలు తొక్కించింది. వంశీ మటుకు నీకు చెప్పడానికి భయపడి చచ్చాడు. "అమ్మా, మావయ్యకి నువ్వే రాయి, నన్ను తిడితే నేను తట్టుకోలేను" అన్నాడు.

తిట్టదలుచుకుంటే నన్నే తిట్టు. నీలవేణిని అమ్మలేదు, పెరట్లోనే ఉంది.

నీ చెల్లెలు
భ్రమరాంబ

---

నరసన్నపేట
20 జూన్ 2013

ఒసే భ్రమరా,

ఎంత పని చేశావే! మిల్లువాడు చెబితే బండి మారుస్తావా? రేపు వాడు అన్నయ్యను మార్చమంటే మారుస్తావా?

ముప్ఫై నాలుగేళ్లు రాయపూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఇనుముతో కాపురం చేసినవాణ్ని, నా మాట విను. పాత బండికి జబ్బు చేస్తే వారం ముందు నుంచీ మూలుగుతుంది. గేరు దగ్గర గరగరమంటుంది, చక్రం దగ్గర కీచుమంటుంది, కాసేపు ఆగి విన్నవాడికి తన బాధ మొత్తం చెప్పుకుంటుంది. ఒక పట్టకారు, ఒక తీగముక్క ఉంటే నడిరోడ్డు మీదే బాగవుతుంది. కొత్త బండి అలా కాదు. నవ్వుతూ నవ్వుతూ ఉండి ఉన్నట్టుండి మొండికేస్తుంది. అప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు కంప్యూటర్ పట్టుకొచ్చి దానికి తీగ తగిలించి, "సార్, సెన్సార్" అంటాడు. వాడి చేతికి మసి ఉండదు. మసి అంటని చేతికి బండి గురించి ఏం తెలుస్తుంది?

ఆ లైట్లు చూసి వంశీని మురిసిపోవద్దను. వాడికి స్టీరింగ్ నేర్పిన రోజే చెప్పాను, మళ్లీ నువ్వు గుర్తు చెయ్యి. లైటు అబద్ధం చెబుతుంది, చెవి చెప్పదు. అనవసరంగా వెలిగే లైటు మీద ఒక బొట్టు బిళ్ల అతికించి ఇంజన్ చప్పుడు వినుకుంటూ పోవడమే. నీలవేణిని మనం అలాగే నడిపాం.

ఇన్నేళ్లలో నీలవేణి మనకు ద్రోహం చేసిందా, చెప్పు? ఆ ఒక్కటీ బండి తప్పు కాదు. ఆ రోజే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను. బండిలో ఏ లోపమూ లేదు.

సరే, కొన్నారు, నడుపుకోండి. కానీ నీలవేణిని ఎవరికీ అమ్మకు. ఎవరి చేతా విప్పించకు. పెరట్లో ఆ మూలే ఉండనీ. దాని మీద బూడిద గుమ్మడి పాదు పాకించుకున్నా సరే, ఎవరి చెయ్యీ పడనివ్వకు. నా మీద ఒట్టు.

వంశీని నడుముకు నువ్వుల నూనె రాసుకోమను.

నీ అన్నయ్య
దుర్గారావు

---

బీర్‌గావ్, రాయపూర్
6 జూలై 2013

అన్నయ్యా,

నీ నోట్లో ఏ మచ్చ ఉందో గానీ, కొత్త బండి నువ్వన్నట్టే మొండికేసింది. ఉర్లా ఫ్యాక్టరీల రోడ్డులో మోకాలి లోతు నీళ్లు. మధ్యలో ఆగిపోయింది. వంశీ ఎంత బతిమాలినా ఉలకలేదు, పలకలేదు. చివరికి ఏం చేశామో తెలుసా? పెరట్లో ఉన్న నీలవేణిని తీసుకెళ్లి, తాడు కట్టి లాక్కొచ్చాం! ముసలిది ముందు, పెళ్లికూతురు వెనక. బీర్‌గావ్ బజారంతా నిలబడి నవ్వింది. షోరూమ్ వాళ్లు మర్నాడు వచ్చి, నువ్వు చెప్పిన ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడే అనుకో, కంప్యూటర్ తగిలించి, సెన్సార్‌లోకి నీళ్లు పోయాయన్నాడు. నాకు నవ్వాగలేదు.

బాగయ్యాక మళ్లీ లోడుకు వెళుతోంది. వారానికి నాలుగు రోజులు ఆరంగ్ మిల్లు నుంచి మహానది అవతలికి బియ్యం. మొన్న మిల్లు సందులో విరిగిన కల్వర్టు మీదుగా పోతుంటే బండి కింద ఏదో ధనామని తగిలిందట. వంశీ దిగి వంగి చూస్తే ఏమీ కనిపించలేదు. మర్నాటి నుంచి ఎదురుగా ఒక ఎర్ర లైటు వెలుగుతోంది. గుండ్రంగా ఉండి మధ్యలో నిలువు గీత, దాని కింద చుక్క. వాడు సాయిలక్ష్మి బొట్టు బిళ్ల ఒకటి తీసి దాని మీద అతికించేశాడు. "మావయ్య మంత్రం వేశానమ్మా" అని ఒకటే నవ్వు. ఇంజన్ వీణలా పలుకుతోందట. నీ శిష్యుడు నీ పేరు నిలబెడుతున్నాడు, సంతోషించు.

ఇంక అసలు సంగతి. కోప్పడకు. నీలవేణిని ఇచ్చేశాను.

ఉమేష్ తెలుసు కదా, ఉర్లా గేటు దగ్గర రిపేరు షాపు. వాడు ఇంజన్ తీసి ఎవరిదో నూర్పిడి యంత్రానికి పెట్టుకుంటానన్నాడు. కొత్తదాన్ని లాక్కొచ్చిన రోజున నీలవేణి క్లచ్ కూడా పోయింది. పెరట్లో తుప్పు పట్టి చావడం కన్నా దాని గుండె ఇంకెక్కడో కొట్టుకుంటుంది కదా అనిపించింది. నీ మీద ఒట్టు వేశావు, తెలుసు. కానీ ఇన్నేళ్లుగా పొద్దున్నే కిటికీ తెరిస్తే నాకు మొదట కనిపించేది ఆ బండే. మీ బావ ప్రాణం పోయింది అందులోనే. నువ్వు దాన్ని బాగుచేసి తెచ్చి వాకిట్లో నిలబెట్టావు, మాకు అన్నం పెట్టింది, కాదనను. అయినా నా కళ్లు అలిసిపోయాయి అన్నయ్యా.

భ్రమరాంబ

---

నరసన్నపేట
13 జూలై 2013

భ్రమరా,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

ఆ బొట్టు పీకెయ్యమను. ఉత్తరం చదవగానే పీకెయ్యాలి. బండిని లోడుకు పంపకు. షోరూమ్‌కు పంపు, వాళ్లు ఏం చెబితే అది చేయించు. ఎందుకని అడగకు.

ఉమేష్ విప్పడం మొదలుపెట్టాడా? ఇంజన్ తీసుకుంటే తీసుకోనీ. డాష్‌బోర్డు జోలికి మాత్రం వెళ్లవద్దని చెప్పు. వీలైతే ఆ బండి మిగతా భాగం వెనక్కి తెప్పించు.

రమణమ్మ చేత ఫోన్ చేయిస్తాను.

దుర్గారావు

---

బీర్‌గావ్, రాయపూర్
24 జూలై 2013

అన్నయ్యా,

నీకు ఒంట్లో బాగుంది కదా? నీ ఉత్తరం చూస్తే ఎవరో పక్కన నిలబడి రాయించినట్టుంది. ఒక్క తిట్టు లేదు. నీలవేణిని అమ్మితే మూడు పేజీల తిట్లు వస్తాయని సిద్ధపడి కూర్చున్నాను. అవి రాకపోతే నాకు భయం వేసింది.

వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్య బండి ఆపమంటున్నారు, లైటు నిజమేనంటున్నారు" అంది. ఎందుకట వదినా అంటే, "అడిగితే చెప్పడం లేదమ్మా, కూర్చుని కిటికీలోంచి చూస్తున్నారు" అంది. ఫోన్ వంశీకిచ్చాను. వాడు పకపకా నవ్వాడు. "ఏటత్తా, మావయ్య కూడా షోరూమోళ్ల పార్టీలో చేరిపోనాడా? లైటు అబద్ధం సెప్తాదని నాకు నేర్పింది ఆయనే గదా!" అన్నాడు. నువ్వు ఇన్నేళ్లు చెప్పినదాన్ని ఒక్క చీటీ ముక్కతో కొట్టేస్తే వాడు ఎలా నమ్ముతాడు? ఇప్పుడు మిల్లులో పని ఎక్కువ. షోరూమ్‌లో పెడితే వారం ఉంచేస్తారు. బొట్టు అలాగే ఉంది.

ఒక్క మాట మాత్రం నాకు నచ్చలేదు. పొద్దున్న మొదటిసారి బ్రేకు నొక్కితే కాలు కొంచెం లోపలికి పోతోందట. రెండుసార్లు కొడితే గట్టిపడుతోందట. "నాన్న కూడా ఇలాగే రెండుసార్లు కొట్టేవోడు కదమ్మా, నాకు గుర్తుంది" అన్నాడు. వాడికి అప్పుడు పదిహేనేళ్లు. తండ్రి పక్కన కూర్చుని వెళ్లేవాడు సెలవుల్లో.

ఉమేష్ ఆదివారం వచ్చాడు. డాష్‌బోర్డు అప్పటికే విప్పేశాడట. ఒక పొట్లంలో బొట్టు బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టాడు. దేవుడిదేమో, పారెయ్యడం ఎందుకని తెచ్చానన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. ముదురు ఎరుపు, చుట్టూ సన్నటి బంగారు అంచు. నా బొట్టు ప్యాకెట్‌లోదే. హోలీ ముందు ఒక పొద్దున మీ బావ వాకిట్లోంచి చెయ్యి చాపి "ఓ బొట్టు ఇలాగియ్యి, మీ అన్నయ్య పెట్టమన్నాడు" అంటే నేనే తీసి ఇచ్చాను. ఆ తర్వాత నాకు ఆ ప్యాకెట్‌తో పని లేకపోయింది.

ఉమేష్ ఇంకో మాట అన్నాడు. "దీదీ, యే తార్ కిసీనే జాన్‌కే కాటా హై." ఆ లైటుకు వెళ్లే తీగను ఎవరో కావాలనే కత్తిరించారట. తెగిపోయింది కాదట, పట్టకారుతో తుంచి, రెండు కొసలకూ నల్ల టేపు శుభ్రంగా చుట్టారట. అంత పద్ధతిగా టేపు చుట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే. అది నువ్వు చేసిన పనేనా? ఎందుకు చేశావు? ఆ రోజుల సంగతి నీకు గుర్తుంటే రాయి. ఊరికే తెలుసుకుందామని.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ బావ ఫోటోకు దండ వేసిన ప్రతిసారీ నేను లోపల ఒక మాట అనుకుంటాను, "నీ చేతులారా చేసుకున్నావు" అని. తాగి బండెక్కినవాడి కోసం ఎంతకాలం ఏడవను? వంశీకి మీసాలు వచ్చిన రోజు నుంచీ అదే నూరిపోశాను. మీ నాన్న లాగా కావద్దురా అని. వాడు ఇవాళ్టికీ సీసా ముట్టలేదు. ఆ ఒక్క మంచి అయినా జరిగింది.

జవాబు రాయి. ఆలస్యం చెయ్యకు.

భ్రమరాంబ

---

నరసన్నపేట
31 జూలై 2013

భ్రమరా,

ముందు బండి ఆపు. తర్వాత ఇది చదువు. వంశీ ఇంట్లో లేకపోతే ఫోన్ చెయ్యి. ఆ తర్వాతే మిగతాది.

ఇది వదిన చేత ఫోన్‌లో చెప్పించలేను. ఆవిడకు నేను ఎప్పుడూ చెప్పలేదు. నేనే వచ్చి చెబుదామని శుక్రవారం బయల్దేరాను. విజయనగరం స్టేషన్ దాకా వచ్చి, రాయపూర్ రైలు కళ్ల ముందు ఆగి, కదిలి వెళ్లిపోయేదాకా బల్ల మీద కూర్చుని, ఇంటికి తిరిగొచ్చేశాను. నేను అలాంటివాణ్ని. ఇప్పుడు నువ్వు చదవబోయేదానికి అది తెలిస్తే మంచిది.

ఆ తీగ కత్తిరించింది నేనే.

ఆ సంవత్సరం హోలీకి నాలుగు రోజుల ముందు మీ ఆయన వెంకటస్వామి నీలవేణిని మా క్వార్టర్స్ దగ్గరికి తెచ్చాడు. ఎర్ర లైటు వెలుగుతోందన్నాడు. గుండ్రంగా ఉండి మధ్యలో గీత, కింద చుక్క. నువ్వు రాసిన లైటే. చూస్తే బ్రేక్ ఆయిల్ తగ్గింది. పోశాను. ఆరిపోయింది. మర్నాడు లైటు మళ్లీ వెలిగిందని తెచ్చాడు. "బావా, ఎనక సక్రం కాడ సుయ్‌మంటంది, ఓపాలి సూడు" అన్నాడు. నేను నేల మీద పడుకుని చక్రానికి చెవి ఆనించాను. వాణ్ని బ్రేకు తొక్కమన్నాను. తొక్కాడు.

నాకు ఏమీ వినపడలేదు.

నా చెవులు రిటైరయ్యాక పోయాయని మీరందరూ అనుకుంటున్నారు. కాదు. వర్క్‌షాప్‌లో సుత్తి దెబ్బలకు అప్పటికే సగం పోయాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏ గుమాస్తా బల్ల దగ్గరికో మారుస్తారని భయం. ఇంజన్ దగ్గర నిలబడి దాని జాతకం చెబుతాడు దుర్గారావు అని రాయపూర్‌లో తెలుగువాళ్లంతా చెప్పుకునేవారు కదా, ఆ పేరు పోతుందని ఇంకా ఎక్కువ భయం. అందుకని లేచి మట్టి దులుపుకుని, "ఏమీ లేదు, లైటు అబద్ధం చెబుతోంది, ఒక బొట్టు పెట్టుకో, ఇంజన్ వినుకుంటూ పో" అన్నాను. అవతలివాడికి వినపడుతున్నదాన్ని నాకు వినపడలేదు కాబట్టి లేదని చెప్పాను. చక్రం విప్పి చూస్తే అరగంట పని.

మూడోసారి వచ్చాడు. "బొట్టు సుట్టూ ఎర్రగా కనిపిస్తంది బావా, మనసు ఒప్పుకోటం లేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా మాట మీద నమ్మకం లేదా అనిపించింది. డాష్‌బోర్డు విప్పి, తీగ తుంచి, టేపు చుట్టాను. బయటికొచ్చి "బాగుచేశాను, ఇంక వెలగదు" అన్నాను. వాడు బొట్టు కొంచెం లేపి చూశాడు. వెలగలేదు. "నువ్వుంటే నాకు బెంగ లేదు బావా" అని టీ తాగి వెళ్లిపోయాడు.

హోలీ మర్నాడు మహానది వంతెనకు దిగే వాలులో ఆ బండి ఆగలేదు. ఆగి ఉన్న లారీని గుద్దింది.

నీకన్నా ముందు అక్కడికి చేరింది నేనే. వెనక చక్రం లోపలంతా ఆయిలే. నా కండువాతో తుడిచాను. పోలీసులు వచ్చేలోగా తుడిచేశాను. వెంకటస్వామి ఒంటి మీద ముందురోజు రంగులు ఇంకా ఉన్నాయి. సారా వాసన లేదు భ్రమరా. నేను దగ్గరగా వంగి చూశాను, వాణ్ని ఎత్తింది నేనే కదా. వాసన లేదు. ఎవరో గుంపులోంచి "హోలీ కదా, పడే ఉంటుంది చుక్క" అన్నారు. నేను కాదనలేదు. ఆ సాయంత్రం నువ్వు నా చెయ్యి పట్టుకుని "అన్నయ్యా, తాగాడా?" అని అడిగావు. నేను తల ఊపాను.

నోటితో అనలేదు కదా అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత నీలవేణిని ముక్కముక్కా విప్పి బాగుచేశాను. దాన్నంత బాగా ఇంకే బండినీ చెయ్యలేదు. డాష్‌బోర్డు ఒక్కదాని జోలికి మాత్రం పోలేకపోయాను. అందుకే అది అంతకాలం నడిచింది. పాత బండ్లు గొప్పవని అందరి దగ్గరా వాదించాను. బండి నిజంగా మంచిదే. అది లైటు వేసి చెప్పింది, చప్పుడు చేసి చెప్పింది. నేనే దాని నోరు నొక్కేశాను. కొత్త బండీ అదే చెబుతోంది. దాని నోరు కూడా నేను నొక్కకుండా చూడు.

వంశీ కాలి కింద బ్రేకు లోపలికి పోతోందంటే ఆయిల్ కారిపోతోంది. రెండుసార్లు కొడితే గట్టిపడటం మంచి లక్షణం కాదు. వెంకటస్వామీ రెండుసార్లు కొట్టేవాడు. ఒకరోజు మూడుసార్లు కొట్టినా గట్టిపడదు. వాలులో ఆ రోజు వస్తే నా నేరం రెండు అవుతుంది.

వాణ్ని ఆపు. నన్ను ఏమన్నా అను.

దుర్గారావు

---

బీర్‌గావ్, రాయపూర్
8 ఆగస్టు 2013

నీ ఉత్తరం సోమవారం పదకొండు గంటలకు వచ్చింది. వంశీ తొమ్మిదికే వెళ్లిపోయాడు. గేటు దగ్గర నిలబడే కవరు చించాను. నువ్వు రాసినట్టే ముందు ఫోన్ చేశాను. ఎత్తలేదు. డ్రైవింగ్‌లో ఎత్తడు, అది నేను నేర్పిన బుద్ధే. మళ్లీ చేశాను, ఎత్తలేదు. చేస్తూ చదివాను, చదువుతూ చేశాను. కండువాతో తుడిచానన్న చోటికి వచ్చేసరికి ఎత్తాడు.

ఎక్కడున్నావురా అన్నాను. "ఆరంగ్ దాటేనమ్మా. బండి పక్కన పెట్టి మాటాడతన్నాను. ఇంక వంతెనకి దిగడమే" అన్నాడు.

దిగకు అన్నాను. "మళ్లీ మావయ్య గోలేనా? మిల్లోడు చంపేస్తాడమ్మా, సాయంత్రం మాటాడదాం" అని పెట్టెయ్యబోయాడు. వాడికి లైటు గురించి, ఆయిల్ గురించి చెబితే వినడు. నాకు అప్పుడు నోటికి వచ్చింది ఒక్కటే.

"మీ నాన్న తాగలేదురా."

లారీల హారన్లు వినపడుతున్నాయి. "ఏటన్నావు?" అన్నాడు. బండి దిగి తాళం చేత్తో పట్టుకో, ఇంటికి వచ్చాక చెబుతాను అన్నాను. దిగాడు.

ఉమేష్‌ను మోటార్ సైకిల్ మీద పంపించాను. కల్వర్టు దగ్గర తగిలిన దెబ్బకు వెనక చక్రానికి వెళ్లే బ్రేకు గొట్టం నొక్కుకుపోయి, చీలిపోయిందట. చుక్కచుక్కగా కారి చక్రమంతా తడిసిపోయింది. బండి కదలకుండా నిలబెట్టి, ఉమేష్ బ్రేకు తొక్కి చూశాడు. మూడోసారికి కాలు నేలకు తగిలింది. తర్వాత ఎన్నిసార్లు తొక్కినా పైకి రాలేదు. వెనక బియ్యం లోడు నిండుగా ఉంది. ఎదురుగా వాలు. వంశీ ఇదంతా పక్కన నిలబడి చూశాడు. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తినకుండా పడుకున్నాడు.

నా కొడుకు బతికాడు. నీ ఉత్తరం వల్ల బతికాడు. ఆ మాట రాయకపోతే నేను మనిషిని కాను, అందుకని రాశాను.

ఇప్పుడు మిగతాది. పదకొండేళ్లు నేను నా మొగుణ్ని తిట్టుకున్నాను. ఆయన ఫోటో ముందు నిలబడి తిట్టుకున్నాను. తండ్రి ఎలా పోయాడని బడిలో ఎవరో అడిగితే వంశీ ఏడుస్తూ వచ్చిన రోజు, నిజమే చెప్పు, సిగ్గుపడితే నీకే మంచిది అన్నాను. వాడు చెప్పాడు. పదిమందిలో నిలబడి, మా నాన్న తాగి చచ్చిపోయాడని చెప్పాడు. నీ తల ఒక్కసారి ఊగినందుకు ఇదంతా జరిగింది. నువ్వు ప్రతి పండక్కీ మా ఇంట్లో భోంచేసి, నీలవేణి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరి వెళ్లేవాడివి. నాకు ఇప్పుడు ఆ చెయ్యే కనిపిస్తోంది.

బొట్టు ఇచ్చింది మటుకు నేను. ఎందుకని ఒక్క మాట అడగకుండా ఇచ్చాను. అది నా వంతు, నేను మోస్తాను. నీ వంతు నువ్వు వచ్చి మోసుకో.

వంశీకి ఇంకేమీ చెప్పలేదు. మూడు రోజులుగా "నీకెలా తెలిసిందమ్మా, ఎవరు చెప్పారు?" అని వెనకాలే తిరుగుతున్నాడు. మావయ్య వచ్చి చెబుతాడు అన్నాను. నీ ఉత్తరం వాడికి చూపించను. కాగితంలో దాక్కున్నది చాలు. విజయనగరంలో ఈసారి బల్ల మీద కూర్చోకు, రైలెక్కు. స్టేషన్‌కు వంశీయే వస్తాడు. దారిలో వాడికి ఏమీ చెప్పకు. మా ఇంటికి వచ్చి, మీ బావ ఫోటో ముందు నిలబడి, నీ నోటితో చెప్పు.

విన్నాక వాడు ఏదో అంటాడు. ఏమంటాడో నాకూ తెలీదు. నీకు వినపడదు. వదిన పక్కన ఉండకూడదు, నేను నీ చెవిలో అరవను. వాడి మొహం చూసి తెలుసుకో.

భ్రమరాంబ